ఐసు డబ్బాలు పొట్టలు ఉబ్బి పగిలిపోవడం: భీమవరం వైపు ఒక ఐసు ఫ్యాక్టరీ కేసు

భీమవరం, ఆకివీడు వైపు ఐసు ఫ్యాక్టరీల్లో కంప్రెసర్లు, బ్రైన్ (గడ్డకట్టించడానికి వాడే చల్లటి ఉప్పునీళ్ళు) ట్యాంకుల పని చూస్తుంటాను. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఇదే గొడవ ఒక్కో ఫ్యాక్టరీ నుంచి ఒక్కో మాటలో వస్తుంటుంది, అందరూ ముందుగా డబ్బాలు చేసినవాణ్ణే తిడతారు. ఇక్కడ కూడా అదే జరిగింది. ఓనరుగారు రాసుకోమన్నారు, పేరూ ఊరూ మాత్రం వద్దన్నారు.

రోజుకు 20 టన్నుల ఐసు తీసే ఫ్యాక్టరీ. చల్లబరిచేది అమ్మోనియా, ట్యాంకులో మామూలు ఉప్పుతో కలిపిన బ్రైన్, అందులో నీళ్ళు పోసిన డబ్బాలు దాదాపు 300 నిలబెట్టే గళ్ళు. డబ్బా 28 × 56 సెం.మీ., లోతు 112 సెం.మీ., 16 గేజు జీఐ రేకు. దీంట్లో 136 కేజీల దిమ్మ రావాలి, అది పాత 300 పౌండ్ల లెక్క. ఎండలు మొదలైన దగ్గర్నుంచి డబ్బాల వెడల్పు వైపు పొట్టలు ఉబ్బుతున్నాయి, కొన్ని అడుగు కుట్టు దగ్గర విచ్చుకున్నాయి. హాయిస్టుతో పైకి తీసి, దిమ్మ గోడ వదలడానికి మామూలు నీళ్ళుండే డిప్ ట్యాంకులో ముంచగానే దిమ్మలు టప్‌టప్‌మని పగులుతున్నాయి. వీటన్నిటి మీద, దిమ్మ ఉప్పగా ఉందని చేపలు కొనేవాళ్ళు ఒక బండి వెనక్కి పంపేశారు. "రేకు నాసిరకం ఇచ్చాడండి వాడు, మొత్తం డబ్బాలు మార్చేద్దామనుకుంటున్నాం, మీరొకసారి చూసి ఊఁ అనండి" అన్నారు ఓనరుగారు.

డబ్బా మందం కొలిచి చూశా, రేకులో తేడా ఏమీ లేదు. ఇలాంటప్పుడు అందరూ డబ్బాని తిప్పి అడుగు చూస్తారు, నేను ముందు దిమ్మ తల చూస్తాను. సరిగ్గా గడ్డకట్టిన దిమ్మకి తల చదునుగా ఉంటుంది, లేదా మధ్యలో కొంచెం గుంటో, చిన్న ఎత్తో ఉంటుంది. ఇక్కడ తీసిన దిమ్మల్లో చాలావాటికి తల గుమ్మటంలా లేచింది, కొన్నిటికి నడినెత్తిన వేలెడంత కొమ్ము. ఒక దిమ్మని అడ్డంగా కోయించా. బయట నాలుగు వైపులా అద్దంలాంటి ఐసు, నడిమధ్య తెల్లటి బొడ్డు, ఆ తెలుపులోంచి బయటి అంచు దాకా ఒక పగులు. ఆ కొమ్ము, ఆ పగులు చూశాక రేకు గురించి మాట్లాడాల్సిన అవసరం లేదని నాకు అర్థమైంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఇది తెలియకపోతే మిగతాదంతా చాదస్తంలా ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు నీళ్ళు దాదాపు 1000 కేజీలు తూగుతాయి, అంతే చోటులో ఐసు 917 కేజీలే తూగుతుంది. అంటే అవే నీళ్ళు ఐసయ్యేసరికి 9 శాతం ఎక్కువ చోటు అడుగుతాయి. బరువు మాత్రం గ్రాము కూడా పెరగదు, 136 లీటర్లు పోస్తే 136 కేజీల దిమ్మే వస్తుంది, కాకపోతే అది 148 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. (దిమ్మ పెద్దగా కనిపిస్తోందని ఎక్కువ రేటు అడిగేవాళ్ళూ ఉన్నారు, లోపల గాలి బుడగలున్న తెల్లటి దిమ్మ అదే సైజులో ఇంకా తక్కువే తూగుతుంది.) రెండో సంగతి, నీళ్ళు చల్లబడుతూ 4 డిగ్రీల దాకా మామూలుగానే బరువెక్కుతాయి, అక్కణ్ణుంచి కిందకి వెళ్తే మళ్ళీ తేలికవుతాయి. అందుకే కదిలించకుండా వదిలేసిన నీళ్ళలో 4 డిగ్రీల నీళ్ళు అడుగున కూర్చుంటాయి, సున్నాకి దగ్గరైన నీళ్ళు పైకి తేలతాయి, పైన ముందుగా పొర కడుతుంది. చలిదేశాల్లో చెరువు పైన గడ్డకట్టి కింద చేపలు బతికేది దీనివల్లే. చెరువుకి వరమైన ఈ గుణమే ఐసు డబ్బాకి శాపం.

డబ్బాలో చలి నాలుగు గోడల నుంచి, అడుగు నుంచి వస్తుంది. ఐసు గోడల దగ్గర మొదలై లోపలికి పెరుగుతుంది, మధ్యలో నీటి గుంట మిగులుతుంది, అది రానురాను సన్నబడుతుంది. గడ్డకడుతున్న ప్రతి లీటరూ తన పక్కనున్న నీళ్ళని కొంచెం నెడుతుంది, ఆ నీళ్ళకి పైన దారి ఉంటే మట్టం మెల్లగా లేస్తుంది, ఎవరికీ నొప్పి ఉండదు. డబ్బా అడుగు సన్నగా, మూతి వెడల్పుగా చేసేది దిమ్మ జారి రావడానికి అని అందరూ చెబుతారు, నిజమే, కానీ అడుగు ముందు గట్టిపడి చివరి నీళ్ళు పైన మిగలడానికి కూడా ఆ ఆకారం పనికొస్తుంది. అదే పైన ముందుగా మూతపడితే? లోపల చిక్కుకున్న నీళ్ళు గడ్డకట్టాలి, చోటు లేదు. ఒత్తిడి పెరిగేకొద్దీ నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత కాస్త కాస్త తగ్గుతుంది నిజమే, కానీ ఒక్క డిగ్రీ తగ్గాలంటే 130 అట్మాస్ఫియర్లకు పైగా ఒత్తిడి కావాలి. చుట్టూ మైనస్ 16 డిగ్రీల బ్రైన్ ఉన్నప్పుడు ఆ నీళ్ళు గడ్డకట్టకుండా ఆగే ప్రశ్నే లేదు. పైపొర బలహీనంగా ఉన్నచోట చిల్లు పడితే అందులోంచి నీళ్ళు ఎగదన్ని కొమ్ములా గట్టిపడతాయి, పడకపోతే ఐసు పెంకు పగిలి రేకుని బయటికి నెడుతుంది. 16 గేజు కాదు, ఇంకా మందమైన 12 గేజు రేకు వేసినా ఉబ్బుతుంది.

మరి ఇక్కడ పైన ముందుగా ఎందుకు మూతపడుతోంది? ఆ ఫ్యాక్టరీలో ప్రతి డబ్బాలోకీ గాలి ట్యూబు దిగుతుంది, బ్లోయర్ గాలితో నీళ్ళు కదులుతూ ఉంటాయి, పైన పొర కట్టదు, గాలి బుడగలూ మురికీ ఐసులో ఇరుక్కోకుండా మధ్యకి తోసుకుపోతాయి. పగలంతా ట్యూబులు చక్కగా బుడబుడమంటూనే ఉన్నాయి. అందుకని రాత్రి కూడా ఉండి చూశా. భోజనాలయ్యాక నైట్ డ్యూటీ కుర్రాడు వరసగా ట్యూబులన్నీ పైకి లాగేసి, బ్లోయర్ ఆపి, చెక్క మూతలు కప్పేశాడు.

"ఏం బాబూ, అప్పుడే తీసేశావేంటి?"

"మధ్యలో ట్యూబు ఇరుక్కుంటే విరుగుతుంది సార్. ఇంతకుముందు విరిగితే జీతంలో కోశారు."

ఆ కుర్రాడి మాటలో తప్పేమీ లేదు. ట్యూబుని చివరి దాకా ఉంచితే ఐసులో బిగుసుకుంటుంది, సమయానికి తీయాలి, ఆ సమయం తెల్లవారుజామున రెండింటికో మూడింటికో వస్తుంది. నిద్రపోవాలంటే పదింటికే తీసెయ్యాలి. కరెంటు బిల్లు తగ్గుతుందని ఓనరుగారూ బ్లోయర్ విషయంలో చూసీ చూడనట్టు ఉన్నారు. అప్పుడే నింపిన వరసల్లో నీళ్ళు ఇంకా 4, 5 డిగ్రీల దగ్గర ఉన్నాయి. కదలిక ఆగగానే సరిగ్గా చెరువులో జరిగేదే జరిగింది. ఒక మూత ఎత్తి టార్చి వేసి చూస్తే, గోడల నుంచి సూదుల్లాంటి ఐసు నీటి పైనే పాకుతూ మధ్యకి వస్తోంది. అర్ధరాత్రి దాటాక చూస్తే సూదుల మధ్య ఖాళీలు నిండిపోయి గాజు పలకలా పరుచుకుంది, గోరుతో కొడితే టిక్కుమంది.

ఇది సగం కథే. ఏడాదంతా ఈ ట్యూబులు ఇలాగే తీస్తున్నారు, మరి ఈ వేసవిలోనే ఎందుకింత? బ్రైన్ థర్మామీటరు మైనస్ 16 చూపిస్తోంది. ఇలాంటి పెద్ద దిమ్మలకి మైనస్ 10 చాలు. "దిమ్మ తొందరగా దిగుతుందని చలి పెంచామండి" అన్నారు. నిజంగానే తొందరగా దిగుతుంది. మందం ఇంచీల్లో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 7తో గుణించి, ఫారన్‌హీట్‌లో 32కీ బ్రైన్‌కీ మధ్య ఉన్న తేడాతో భాగిస్తే గంటలు వస్తాయి, ఐసు ఫ్యాక్టరీల్లో పాత లెక్క. 28 సెం.మీ. అంటే 11 ఇంచీలు. మైనస్ 10 దగ్గర (ఫారన్‌హీట్‌లో 14) 47 గంటలు, మైనస్ 16 దగ్గర (ఫారన్‌హీట్‌లో 3) 30 గంటల లోపే. చూడ్డానికి లాభసాటి బేరం. కానీ గోడలు అంత వేగంగా గట్టిపడుతుంటే పైకి దారి వెతుక్కునే వ్యవధి నీళ్ళకి ఉండదు, మూతల కింద గాలి కూడా అంతకంత చల్లబడి పైపొర ఇంకా దళసరి అవుతుంది. పైగా కంప్రెసర్ ఎంత కింద ఉష్ణోగ్రతలో పనిచేస్తే దాని శక్తి అంత పడిపోతుంది, కరెంటు ఖర్చు డిగ్రీకి మూడు శాతం చొప్పున పెరుగుతుందని మేము లెక్కేసుకుంటాం. 30 డిగ్రీల నీళ్ళు 136 కేజీలు ఐసవ్వాలంటే వాటిని సున్నాకి దించడానికి సుమారు 17 మెగాజౌళ్ళ వేడి తీయాలి, సున్నా దగ్గరే నీళ్ళని ఐసుగా మార్చడానికి ఇంకో 45. ఆ 45 ఎక్కడికీ పోదు, బ్రైన్ ఎంత చల్లగా ఉన్నా అంతే తీయాలి. ఒక్క డబ్బా తొందరగా గడ్డకడుతుంది కానీ రోజు మొత్తానికి కంప్రెసర్ తీయగలిగే వేడి తగ్గింది, అంటే టన్నులూ తగ్గాయి.

అసలు మైనస్ 16కి ఎందుకు వెళ్ళారని తవ్వితే తేలిందేమిటంటే, ఉబ్బిన డబ్బాలని తీసి షెడ్డు వెనక పడేశారు, ట్యాంకులో గళ్ళు ఖాళీగా ఉన్నాయి, తగ్గిన సరుకుని భర్తీ చెయ్యడానికి బ్రైన్ ఇంకా చల్లబరిచారు, దాంతో ఇంకొన్ని ఉబ్బాయి, ఇంకొన్ని గళ్ళు ఖాళీ అయ్యాయి. దిమ్మ బరువు పెంచుదామని నీళ్ళు కూడా అంచుకి నాలుగు వేళ్ళ కింద దాకా పోస్తున్నారు. 104 సెం.మీ. నీళ్ళు ఐసయ్యేసరికి 113కి లేవాలి, డబ్బా లోతే 112. లేచిన నీళ్ళు అంచు దాటి బ్రైన్‌లో కలుస్తున్నాయి, బ్రైన్ పలచబడుతోంది. 20 శాతం ఉప్పున్న బ్రైన్ మైనస్ 16, 17 దగ్గర తనే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఉప్పెంతుందో తెలిపే హైడ్రోమీటరు వేస్తే ఇక్కడ 20 కంటే తక్కువే ఉంది, బ్రైన్‌ని చల్లబరిచే కాయిల్ మీద ఐసు పట్టి ఉంది, కాయిల్ మీద ఐసు పడితే వేడి లాగడం ఇంకా మందగిస్తుంది. ఉప్పు బస్తాలకి డబ్బులు ఆదా చేశామనుకుంటున్నారు పాపం.

ఓనరుగారు ఇదంతా విని తలూపారు గానీ నమ్మలేదు. అందుకని ఒకే వరసలో నాలుగు మంచి డబ్బాలు తీసుకున్నాం. నాలుగింటిలో ఒకే తొట్టి నీళ్ళు. రెండిటిలో నీళ్ళు 90 సెం.మీ. దగ్గర ఆపాం, రెండిటిలో వాళ్ళు పోసినంత పోశాం. ప్రతి జతలో ఒకదానికి గాలి ట్యూబు వదిలి, ఇంకోదానికి తీసేశాం. గాలి ఉండి 90 దగ్గర ఆపినది చదునైన తలతో, చేతికి కష్టం లేకుండా జారి వచ్చింది. గాలి ఉండి నిండా పోసినది ఉబ్బలేదు, అంచు మీద నుంచి కారి పక్క డబ్బాకి అతుక్కుపోయింది. గాలి లేనివి రెండూ గుమ్మటాలు, ఒకదానికి కొమ్ము. నిండా పోసి గాలి ఆపినదాని వెడల్పు గోడకి స్కేలు ఆనిస్తే మధ్యలో వేలు పట్టేంత ఉబ్బు కనిపించింది, కొత్త డబ్బా, అదే మొదటిసారి వాడటం. ఆ స్కేలు ఓనరుగారి చేతికే ఇచ్చా, ఆ తర్వాత డబ్బాలవాడి ఊసెత్తలేదు.

ఉప్పు దిమ్మల సంగతి ఇక తేలికే. అడుగు కుట్టు విచ్చుకుంటే బ్రైన్ లోపలికి వస్తుంది. లోపలా బయటా మట్టం ఒకటే అయినా బ్రైన్ నీటికంటే బరువు, అడుగున దాని ఒత్తిడే ఎక్కువ, అందుకే కింద నుంచి లోపలికి దూరుతుంది. కానీ అన్ని ఉప్పు దిమ్మలూ చిల్లు డబ్బాల నుంచే రావు. వేసవిలో గోదావరి కాలువలకి నీళ్ళు కట్టేశాక వీళ్ళు బోరు నీళ్ళు పోస్తారు, ఈ వైపు బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో వేరే చెప్పాలా. నీళ్ళు ఐసయ్యేటప్పుడు ఉప్పుని తనలో పెద్దగా ఉంచుకోవు, బయటికి నెట్టేస్తాయి, అదంతా నడిమి గుంటలో చేరుతుంది. తేడా పట్టడానికి రొయ్యల చెరువు నుంచి సెలినిటీ, అంటే వెయ్యి పాళ్ళ నీళ్ళలో ఎన్ని పాళ్ళు ఉప్పుందో చూసే రిఫ్రాక్టోమీటరు అరువు తెచ్చాం. పోసిన నీళ్ళు 2 చూపిస్తే, మంచి డబ్బా దిమ్మ నడిమి ఐసు కరిగించిన నీళ్ళు 6, 7 చూపించాయి, అది బోరు ఉప్పే. చిల్లు డబ్బాలో అది 30 దాటింది. 30 దాటినవాటికి మాత్రమే అడుగున సున్నం గుర్తు పెట్టించా. ఇంకో విషయం, నడిమి నీళ్ళలో ఉప్పెక్కువైతే అవి గడ్డకట్టేది ఇంకా ఆలస్యం, అంటే పైన మూతపడ్డాక కూడా లోపల ఎక్కువ నీళ్ళు మిగిలి ఉంటాయి. వేసవిలో ఉబ్బులు ఎక్కువవడానికి ఇదీ ఒక చెయ్యి వేసింది.

డిప్ ట్యాంకులో పగుళ్ళు వేరే జబ్బు, వేరే మందు. నీళ్ళు ఐసయ్యేటప్పుడు పెరుగుతాయి సరే, ఒకసారి ఐసయ్యాక ఇంకా చల్లబరిస్తే అది కూడా ఇనుములాగే కుదించుకుపోతుంది. మీటరు ఐసుకి డిగ్రీకి సుమారు 0.05 మి.మీ. మైనస్ 16 బ్రైన్‌లోంచి అప్పుడే లేపిన దిమ్మని, ఎండలో కాగిన డాబా మీది తొట్టి నీళ్ళతో నింపిన డిప్ ట్యాంకులో ముంచితే చర్మం ఒక్క క్షణంలో సున్నాకి వచ్చి సాగాలని చూస్తుంది, లోపల ఇంకా చల్లగా బిగుసుకునే ఉంటుంది. పెళుసు వస్తువు, పగలక ఏం చేస్తుంది. పైగా ఉబ్బిన డబ్బాలో దిమ్మ పొట్ట దగ్గర ఇరుక్కుంటుంది, మూతి వైపు జారదు, అందుకని వాళ్ళు ఇంకాసేపు ముంచి, మీద నుంచి సుత్తితో రెండు దెబ్బలు వేస్తున్నారు. మంచి డబ్బాలో అయితే గోడకి అంటుకున్న పలచటి పొర కరగ్గానే దిమ్మ తనంతట తనే నీటిలో ఒక్క ఊపు ఊగి పైకి తేలుతుంది, అది చూసి హాయిస్టు వంచితే చాలు.

ఏం చేశామంటే, ముందు బ్రైన్‌ని మైనస్ 10, 11 మధ్యకి తెచ్చాం. ఇక్కడ ఓనరుగారితో గట్టి వాదనే అయింది, "గంటలు పెరిగితే సీజన్‌లో నేనేం అమ్ముకోనండి" అని. ఖాళీ గళ్ళు నింపితే రోజు టన్నులు తగ్గవని కాగితం మీద వేసి చూపించా. వెనక పడేసిన డబ్బాల్లో కుట్టు బాగున్నవాటికి లోపల చెక్క దిమ్మ పెట్టి కొయ్య సుత్తితో సరిచేయించాం, కొన్నే కొత్తవి కొన్నాం. అంత తొందర కావాలంటే సన్నటి డబ్బాలు చేయించుకోవాలి గానీ బ్రైన్‌ని ఇంకా చల్లబరచకూడదు, 15 సెం.మీ. మందమైతే అదే మైనస్ 10 దగ్గర 14 గంటల్లో దిగుతుంది, మందం సగానికి దగ్గరైతే సమయం పావుకి దగ్గరవుతుంది. నీళ్ళు ఎక్కడిదాకా పోయాలో డబ్బా లోపల 88 సెం.మీ. దగ్గర సుత్తితో ఒక నొక్కు వేయించా, రంగు గుర్తయితే నాలుగు రోజుల్లో పోతుంది. బ్రైన్‌లో ఉప్పు 22 శాతానికి పెంచాం. రాత్రి ట్యూబులకి మనిషి డ్యూటీ మార్చాం, నడిమి గుంట అరచెయ్యి వెడల్పుకి వచ్చేదాకా గాలి ఆపకూడదు, ఆ తర్వాత ట్యూబు తీసి, ఆ ఉప్పు నీళ్ళు పంపుతో తోడేసి, చల్లటి మంచినీళ్ళు పోయాలి. విరిగిన ట్యూబుకి జీతం కోత వద్దని ఓనరుగారిని ఒప్పించింది కూడా ఈ మరమ్మతులో భాగమే, నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. డిప్ ట్యాంకు నీళ్ళు ఊరికే మార్చడం ఆపించా, దిమ్మలు ముంచీ ముంచీ అవి తమంతట తామే చల్లబడతాయి, ఉప్పు పెరిగినప్పుడే మారిస్తే సరిపోతుంది. లేపిన డబ్బాని ముంచేముందు కాసేపు బయట ఆగనివ్వమన్నా.

ఉబ్బులు దాదాపు ఆగిపోయాయి. పాత కుట్లున్న డబ్బాల్లో మాత్రం అప్పుడప్పుడు ఒకటి విచ్చుకుంటూనే ఉంది, అవి అలిసిపోయిన డబ్బాలు, మార్చాల్సిందే. డిప్‌లో పగుళ్ళు మొదటి వారంలోనే తగ్గాయి, అది పూర్తిగా బ్రైన్ ఉష్ణోగ్రత పుణ్యం.

పగిలిన దిమ్మ కూడా చివరికి క్రషర్‌లోనే పడుతుంది కదా, దానికింత గోల ఎందుకని కొందరు అడుగుతారు. దిమ్మగా ఉన్నంతసేపే ఐసు నిలుస్తుంది, ముక్కలైతే గాలి తగిలే ఒళ్ళు పెరుగుతుంది, గోడౌన్‌లోనే కరిగిపోతుంది. హౌరాకో, గౌహతికో వెళ్ళే శీలావతి, బొచ్చె చేపల పెట్టెల్లో ఐసు చేసే పనంతా కరగడంలోనే ఉంది, ఒక కేజీ ఐసు కరిగితే 30 డిగ్రీల చేపని మూడు కేజీల దాకా సున్నాకి దించగలదు. ఆ కరగడం పెట్టెలో జరగాలి, మన షెడ్డులో కాదు. మిగతా ఐసు దారిలో ఎండకి పోతుంది కాబట్టే దూరం బండ్లకి చేపంత బరువు ఐసు వేస్తారు. పెట్టె అక్కడికి చేరేసరికి పైన జానెడు ఖాళీ కనిపిస్తే తక్కువ నింపారని గొడవపడే కొనుగోలుదార్లు ఉంటారు. పొడి చేసిన ఐసులో సగానికి దగ్గరగా గాలే ఉంటుంది, కరిగితే ఆ ఖాళీలన్నీ పోయి నీళ్ళు కిందికి కారిపోతాయి, పెట్టె కుంగకపోతేనే అనుమానించాలి.

తేలనిది ఒకటుంది. కాలువలు కట్టేసిన రోజుల్లో బోరు నీళ్ళతో తీసే దిమ్మలకి, ఎంత తోడిపోసినా, నడిమి తెలుపు పోవడంలేదు. చిన్న ఆర్వో ప్లాంటు పెడదామా, కాలువ నీళ్ళకి పెద్ద చెరువు తవ్వి నిలవ చేద్దామా అని ఓనరుగారు లెక్కలు వేసుకుంటున్నారు. నన్నడిగితే చెరువే మేలు.